కొత్త దేశంలో మీ సైకిల్‌ను తాళం ఎంతవరకు కాపాడగలదు?

కొత్త దేశానికి చేరిన తొలి వారాల్లో చాలామంది ముందుగా కొనుక్కునే వాహనం సైకిలే. దాన్ని పదిసార్లు చూసి, తొక్కి, బేరమాడి కొన్నవారు కూడా తాళం దగ్గరకు వచ్చేసరికి తేలికగా, చవకగా కనిపించినదాన్ని తీసుకుంటారు. కళాశాలకైనా ఉద్యోగానికైనా ఆ సైకిల్ మీదే ఆధారపడే వారికి అది పోవడం చిన్న నష్టం కాదు కనుక, తాళాల గురించి తెలిసిన సంగతులను ఇక్కడ కొంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసినది, తెగని తాళమంటూ లేదు. దొంగకు ఎలాంటి పనిముట్టు అవసరమవుతుంది, ఎంతసేపు పడుతుంది, ఎంత చప్పుడవుతుంది అన్న మూడు విషయాలనే తాళం నిర్ణయిస్తుంది. కేబుల్ లాక్ ఈ మూడింటిలోనూ విఫలమవుతుంది. చూడటానికి లావుగా ఉన్నా అందులో చాలా భాగం ప్లాస్టిక్ తొడుగే, లోపల ఉండేవి పేనిన సన్నని ఉక్కు తీగలు. జేబులో పట్టే కట్టర్‌తో వాటిని చప్పుడు లేకుండా కొన్ని క్షణాల్లో తెంపేయవచ్చు. అంకెలు తిప్పి తెరిచే కేబుల్ లాక్ కూడా ఇంతే. ఇలాంటిదాన్ని ముందు చక్రాన్ని అసలు తాళంతో కలపడానికి వాడుకోండి, అంతేగాని సైకిల్ మొత్తాన్ని దానికి అప్పగించకండి.

గట్టిపరచిన ఉక్కుతో చేసిన యు-లాక్, అంటే యు ఆకారంలో వంచిన కడ్డీ రెండు చివరలను ఒక అడ్డకడ్డీ కలిపే తాళం, సంగతి వేరు. దాని కడ్డీ మందం 13 మిల్లీమీటర్లు, అంతకు పైన ఉంటే చేతితో వాడే బోల్ట్ కట్టర్లకు సాధారణంగా లొంగదు. గడియ రెండు చివరలా పడే రకాన్నే ఎంచుకోండి, ఎందుకంటే ఒకే చివర పడే తాళాన్ని ఒకచోట కోసి, మెలితిప్పి ఊడదీయవచ్చు గాని, రెండు చివరలా పడేదాన్ని సాధారణంగా రెండుచోట్ల కోయవలసి వస్తుంది. మందమైన లింకులున్న చైన్ లాక్ కూడా మంచిదే, కానీ బరువు ఎక్కువ. రోజూ ఒకేచోట సైకిల్ నిలిపేవారు, అనుమతి ఉంటే, ఆ చైన్‌ను అక్కడే, సైకిళ్లు కట్టేందుకు నేలకు బిగించిన స్టాండుకు వేసి ఉంచుకోవచ్చు.

ఇవన్నీ బ్యాటరీతో నడిచే యాంగిల్ గ్రైండర్, అంటే వేగంగా తిరిగే బిళ్లతో లోహాన్ని కోసే పనిముట్టు, ముందు బలహీనపడతాయి. మామూలు యు-లాక్ కడ్డీని అది నిమిషం లోపే కోయగలదు. ఈ బెడదను తట్టుకోవడానికే 2021లో వచ్చిన హిప్‌లాక్ డి1000 వంటి తాళాలలో కోత బిళ్లను అరగదీసే ప్రత్యేక పదార్థాన్ని ఉక్కు చుట్టూ చేర్చారు. తగినన్ని బిళ్లలు, తగినంత సమయం ఉన్నవాడు వాటినీ కోస్తాడు. అయితే ఆ కొద్ది నిమిషాల మోత, నిప్పురవ్వలే చాలామంది దొంగలను మరో సైకిల్ వైపు మళ్లిస్తాయి. ఖరీదైన సైకిల్ లేదా ఎలక్ట్రిక్ సైకిల్ ఉన్నవారికి ఈ అదనపు ఖర్చు తగినదేనని నా అభిప్రాయం.

తాళం పెట్టె మీద తయారీదారు ముద్రించే పదికి ఎనిమిది, తొమ్మిది వంటి మార్కులు ఆ సంస్థ తనకు తానే ఇచ్చుకున్నవి. వాటికి బదులు స్వతంత్ర పరీక్షల గుర్తులు చూడండి. బ్రిటన్‌కు చెందిన సోల్డ్ సెక్యూర్ కాంస్యం, వెండి, బంగారం, వజ్రం అనే స్థాయిలను ఇస్తుంది, నెదర్లాండ్స్‌కు చెందిన ఎఆర్‌టి సంస్థ నక్షత్రాలను ఇస్తుంది. సైకిల్‌కు బీమా తీసుకుంటే, ఏ స్థాయి తాళం ఉండాలన్న షరతు అందులో ఉందేమో ముందే చదివి, తాళం కొన్న రసీదును దాచుకోండి.

పాత తాళం ఎవరైనా ఇస్తే దాని చెవిని పరిశీలించండి. గుండ్రని గొట్టంలాంటి చెవితో తెరుచుకునే కొన్ని పేరున్న తాళాలను బాల్‌పెన్ గొట్టంతోనే తెరవవచ్చని 2004లో బయటపడింది.

ఇక మంచి తాళాన్ని కూడా వ్యర్థం చేసేది వేసే పద్ధతి. ముందు చక్రానికి మాత్రమే తాళం వేస్తే, సులువుగా ఊడే క్విక్ రిలీజ్ మీటను తిప్పి, ఆ చక్రాన్ని మీకు వదిలి మిగతాదంతా తీసుకుపోతారు. యు-లాక్‌ను ఫ్రేమ్, వెనుక చక్రం, స్టాండు మూడింటినీ కలుపుతూ వేయండి. మధ్యలో ఖాళీ ఎంత తక్కువ మిగిలితే, జాకీనో ఇనుప కడ్డీనో దూర్చి విరగ్గొట్టడం అంత కష్టం. తాళం నేలకు ఆనకుండా ఉండాలి, ఆనితే నేలే దాగలిగా మారి సుత్తి దెబ్బకు బలమిస్తుంది. మీరు తాళం వేసిన స్తంభాన్ని కూడా ఒకసారి ఊపి చూడండి. పైన అడ్డు లేని పొట్టి స్తంభం మీదుగా సైకిల్‌ను తాళంతో సహా ఎత్తేయవచ్చు, అడుగున మరలు వదులైన స్టాండు మొత్తం ఊడి రావచ్చు.

అపార్ట్‌మెంట్ నేలమాళిగలోని సైకిల్ గదిని నమ్మి తాళం వేయకపోవడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. వీధిలో దొంగకు దొరకని ఏకాంతం, తీరిక అక్కడ దొరుకుతాయి. కనుక ఆ గదిలోనూ కదలని వస్తువుకే తాళం వేయండి.

ఫ్రేమ్ నంబరు సాధారణంగా పెడళ్ల ఇరుసు ఉండే భాగం కింద చెక్కి ఉంటుంది, దాన్ని మొదటిరోజే ఫొటో తీసుకోండి. జపాన్‌లో సైకిల్ నమోదు తప్పనిసరి, ఫ్రాన్స్‌లో 2021 నుంచి దుకాణాలు అమ్మే కొత్త సైకిళ్లకు గుర్తింపు సంఖ్య ఉండాలి. మీరు ఉండే దేశంలో ఏ పద్ధతి ఉందో కనుక్కుని నమోదు చేయించుకోండి. పాత సైకిల్ కొనేటప్పుడు కూడా ఆ నంబరును సరిచూడండి, పేరు మార్పించుకోండి, చెరిపిన గుర్తులు కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. సైకిల్ పోయినప్పుడు పోలీసులు అడిగేది ఆ నంబరే, బీమా సంస్థ తాళం చెవులు కూడా అడగవచ్చు. అందుకే రెండో చెవిని మొదటిదాని గుత్తికి తగిలించకుండా ఇంట్లో విడిగా ఉంచండి.