చవక గిటారు కొన్నారా? పికప్‌ల జోలికి పోకముందే ఈ పనులు చేయండి

మొన్న గుణుపురం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎలక్ట్రిక్ గిటారు, ఆంపు కలిపి తొమ్మిది వేలకు తీసుకున్నాను, సౌండు ఏటీ బాగోలేదు, పికప్‌లు మార్చీమంటావా, ఆంపు మార్చీమంటావా?" అని. రెండూ వద్దు, ముందు మీ వీధిలో బైకు మెకానిక్ దగ్గరికెళ్ళి ఫీలర్ గేజ్ ఒక గంట అడిగి తెచ్చుకో అన్నాను. వేళాకోళం ఆడుతున్నానని ఫోన్ పెట్టేశాడు.

వాడిని తప్పు పట్టను, నేనూ అదే చేశాను. బరంపురంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న గిటారుకి మొదటి నెలలోనే మూడు వేలు పెట్టి పికప్‌లు తెప్పించి, టీవీలు బాగుచేసే అతని చేత సోల్డర్ చేయించాను. ఫలితం ఏమిటంటే, అంతకు ముందు బుర్రుమంటున్న తీగ ఆ తర్వాత ఇంకాస్త స్పష్టంగా బుర్రుమంది. పికప్ అనేది అయస్కాంతం మీద చుట్టిన సన్నటి రాగి తీగ, అంతే. తీగ ఎలా కదిలితే అదే పట్టుకుంటుంది, తీగ సరిగ్గా కదలకపోతే అదేం చేస్తుంది పాపం.

కాబట్టి మొదటి ఖర్చు స్ట్రింగులు. గిటారుతో వచ్చినవి కొట్టులో ఎన్నాళ్ళు తుప్పు పట్టాయో మనకు తెలియదు. చేయి కొత్తదైతే 9 నంబరు సెట్ తీసుకోండి, అంటే సన్న తీగ అంగుళంలో వెయ్యికి తొమ్మిది వంతుల మందం ఉంటుందన్నమాట. వేళ్ళకు సుఖం, సాగదీయడం తేలిక. తీగను శృతి చేసే మర చుట్టూ రెండు మూడు చుట్లు చుడితే చాలు, గుట్టలా చుట్టేస్తే ఆ చుట్లు మెల్లగా సర్దుకుంటూ శృతి జారిపోతూ ఉంటుంది. ఎక్కించాక ఒక్కో తీగను వేలితో పైకి లాగి మళ్ళీ శృతి చేయండి, జారడం ఆగేదాకా మూడు నాలుగు సార్లు. తీగలు విప్పినప్పుడే ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు కూడా మెరిపించుకోవచ్చు, మధ్య చెక్కకు మాస్కింగ్ టేపు అంటించి ఇత్తడి సామాన్ల పాలిష్ గుడ్డకు రాసి రుద్దితే చాలు. గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం వాడకండి, అది గీతలు పెట్టడమే కాదు, దాని పొడి వెళ్ళి పికప్ అయస్కాంతాలకు అంటుకుంటుంది, ఇక రాదు.

ఇప్పుడు ఫీలర్ గేజ్. బైకు టాపెట్ సెట్ చేయడానికి వాడే సన్నటి రేకుల కట్ట అది, ప్రతి రేకు మీద మందం రాసి ఉంటుంది. గిటారు మెడ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు, తీగల లాగుడుకు మెడ వంగిపోకుండా అది ఎదురు నిలబడుతుంది. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కి పట్టుకుని (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు, కేపో అంటారు, అది ఉంటే ఒక చేయి మిగులుతుంది), ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి. 0.25 మిల్లీమీటర్ల రేకు తీగను కదపకుండా దూరితే మెడ బాగున్నట్టే. సందు బాగా ఎక్కువుంటే మెడ ముందుకు వంగింది, కడ్డీ బోల్టును గడియారం ముల్లు తిరిగే వైపు బిగించాలి. అసలు సందే లేకపోతే వెనక్కి విరుచుకుంది, వదులు చేయాలి. ఏదైనా ఒకేసారి పావు చుట్టుకు మించొద్దు. పావు చుట్టు తిప్పి, మళ్ళీ శృతి చేసి, మళ్ళీ కొలవండి. బిగుసుకుపోయి తిరగనంటే బలం చూపించకండి, ఆ కడ్డీ విరిగితే మెడ మార్చడం తప్ప దారి లేదు. మా పర్లాకిమిడిలో వానాకాలం మొదలయ్యాక చెక్క తేమ పీల్చి కొంచెం కదులుతుంది, చలికాలం ఆరి ఇంకోలా కదులుతుంది, కాబట్టి ఏడాదికి రెండు సార్లు ఈ పని ఉంటుంది. టెన్షన్ పడకండి, రెండోసారికి పది నిమిషాల పని.

మెడ తర్వాత తీగల ఎత్తు. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే లావు తీగ కింద 2 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద 1.6 దగ్గర ఉంటే సుఖంగా ఉంటుంది. గిటారు ఒంటి మీద తీగలు ఆనే ఇనుప పీట బ్రిడ్జి, దాని మీద ప్రతి తీగ కింద ఉండే చిన్న ఇనుప ముక్కను శాడిల్ అంటారు, దాని సన్న స్క్రూలే ఎత్తు పెంచేవీ తగ్గించేవీ. బుర్రుమంటే కాస్త లేపండి. కొట్టి కొట్టి వాయించే చేయి అయితే ఇంకాస్త ఎక్కువ ఎత్తు కావాలి, దానికి సిగ్గుపడనక్కర్లేదు.

ఇంటోనేషన్, అంటే ప్రతి మెట్టు మీదా స్వరం సరిగ్గా పలకడం, ఆ మాటకు చాలామంది భయపడతారు గానీ వీణ చూసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. బొబ్బిలి మనకు ఎంతో దూరం కాదు, అక్కడ వీణకు మేళం కట్టడం చూశారంటే తెలుస్తుంది, మైనం మీద ఒక్కో మెట్టునూ జరుపుతూ స్వరం కుదిరిన చోట కూర్చోబెడతారు. గిటారులో మెట్లు కదలవు, కాబట్టి తీగ చివర ఉన్న శాడిల్‌నే జరుపుతాం. తీగను పన్నెండో ఫ్రెట్ మీద నొక్కి మీటండి, తర్వాత అదే చోట వేలు ఊరికే ఆనించి మీటి గంటలాంటి స్వరం తెప్పించండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ చూడండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్ వెనక్కి, అంటే మెడకు దూరంగా. తక్కువ చూపిస్తే మెడ వైపు. కొత్త తీగల మీదే చేయాలి, పాత తుప్పు తీగ మీద ఎంత తిప్పినా కుదరదు.

చవక గిటార్లలో ఫ్యాక్టరీవాళ్ళు ఎక్కువగా వదిలేసేది నట్. మెడ మొదట్లో ఆరు గాళ్ళున్న తెల్ల ముక్క. తీగను మూడో ఫ్రెట్ మీద నొక్కి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి, కాగితమంత ఉంటే మంచిది. వేలు దూరేంత కనిపిస్తోందంటే గాడి లోతు చాలలేదు, అందుకే మొదటి ఫ్రెట్ దగ్గర కార్డులు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు పట్టుకుంటే వేళ్ళు మండుతాయి, స్వరం కూడా పైకి పోతుంది. ఎంతమంది "నాకు గిటారు రాదు" అని మానేసింది ఈ అర మిల్లీమీటరు వల్లేనో! గాడి కోసే అసలు ఫైళ్ళు ఖరీదు. గ్యాస్ వెల్డింగ్ షాపులో నాజిల్ శుభ్రం చేసే సన్న రంపపు సూదుల కట్ట దొరుకుతుంది, తీగ మందానికి సరిపడే సూదితో నాలుగు సార్లు గీకడం, తీగ పెట్టి చూడడం, మళ్ళీ నాలుగు సార్లు. గాడి లోతైపోయి ఖాళీ తీగ, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మీటిన తీగ, బుర్రుమంటుంటే చిటికెడు వంట సోడా గాడిలో పోసి దాని మీద ఒక చుక్క సూపర్ గ్లూ వేయండి, క్షణంలో రాయిలా గట్టిపడుతుంది, మళ్ళీ కోసుకోవచ్చు. పొగ కళ్ళకు తగలకుండా కొంచెం దూరంగా ఉండండి.

నా నట్ మాత్రం ప్లాస్టిక్‌ది, బోలు. పర్లాకిమిడి అంటే కొమ్ము బొమ్మలు కదా, దువ్వెనలూ కొంగలూ చెక్కే ఒక పెద్దాయన దగ్గరికి పాత నట్ పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి తిప్పి చూసి, "ఇదెందుకు బాబూ, దువ్వెన పళ్ళు ఆరేనా?" అన్నాడు. గేదె కొమ్ము ముక్క ఒకటి తీసి, 42 మిల్లీమీటర్ల పొడవు కోసి, ఆకురాయితో అరగదీసి, చివరికి అరచేతికి నూనె రాసుకుని దాంతోనే రుద్ది మెరిపించాడు. నల్లగా, అంచుల్లో తేనె రంగు చారతో వచ్చింది. గాళ్ళు నేనే కోసుకున్నాను. కొమ్ము ఎముక కన్నా కాస్త మెత్తన, కానీ కొన్ని మంచి గిటార్లకు కూడా అదే వాడతారు. ఖాళీ తీగల మోత తేడా నాకైతే మొదటి మీటుకే తెలిసింది, గిటారు నాది కాబట్టి అలా అనిపించి ఉండొచ్చు కూడా. ఇంకో మాట, గాళ్ళలో మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దండి, గ్రాఫైట్ పొడి వల్ల తీగ ఇరుక్కోకుండా జారుతుంది, శృతి నిలుస్తుంది.

ఊపే కర్ర ఉన్న బ్రిడ్జి అయితే, అంటే ట్రెమొలో, మీరు అది వాడకపోతే వెనక మూత తీసి లోపలి ఇనుప దిమ్మకీ చెక్కకీ మధ్య టేకు ముక్క ఒకటి బిగువుగా దూర్చేయండి. వడ్రంగి ఊరికే ఇస్తాడు. సగం శృతి బాధ అక్కడితో పోతుంది.

ఆంపు దగ్గరికి రాకముందు కరెంటు సంగతి, ఇది సరదా కాదు. గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా, వైరు ద్వారా ఆంపు ఎర్త్‌కి కలిసి ఉంటాయి. తీగ ముట్టుకుంటే గుయ్ మోత తగ్గితే అది మామూలే, తీగల ఎర్త్ పని చేస్తోందన్నమాట. కానీ ఒక క్రిస్మస్ ప్రోగ్రాంలో నేను వాయిస్తూ పాడబోతే మైకుకి పెదవి తగలగానే చురుక్కుమని తల వెనక్కి పోయింది. నా ఆంపు పెట్టిన సాకెట్‌కి ఎర్త్ లేదు, మైకు ఇంకో లైనులో ఉంది. పాత ఇళ్ళలో మూడో కన్నం అందానికే ఉంటుంది చాలాసార్లు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి, ఆంపు మూడో పిన్ను ఎప్పుడూ విరవకండి, బయట పాడాల్సి వస్తే మల్టీమీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు తీగకు, ఇంకోటి మైకు జాలీకి ఆనించండి. పదుల్లో వోల్టులు చూపిస్తే అది సరయ్యేదాకా వాయించకండి.

ఇక ఆంపు. పది వాట్ల ఆంపు అమ్మి ఇరవై వాట్లది కొంటే మోత రెట్టింపవుతుంది అనుకుంటారు, పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, చెవికి కాస్త తెలుస్తుంది అంతే. డబ్బు దండగ. ముందు దాన్ని నేల మీంచి లేపండి. చిన్న స్పీకర్ పదును శబ్దమంతా సూటిగా ముందుకే పోతుంది, నేల మీద పెడితే అది మన మోకాళ్ళకు వినిపిస్తుంది, చెవికి బొయ్యిమనే మోతే అందుతుంది. దాంతో మనం ట్రెబుల్ పెంచుతాం, ఎదురుగా కూర్చున్న అమ్మ చెవులు మూసుకుంటుంది. కుర్చీ మీద పెట్టండి, లేదా ముందు వైపు కింద ఒక ఇటుక పెట్టి చెవి వైపు వాల్చండి. గెయిన్ (మోతను గరుకుగా మార్చే నాబ్) మూడు దగ్గర, మిడ్ ఏడు, బాస్ నాలుగు పెట్టి మొదలుపెట్టి, గిటారు మీది టోన్ నాబ్ కూడా కదిపి చూడండి, దాన్ని ఎవరూ ముట్టుకోరెందుకో. నాబ్ తిప్పితే గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ లోపలికి కొట్టి ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పితే చాలు, మార్చక్కర్లేదు.

చేతిలో ఇంకాస్త డబ్బుంటే మాత్రం నేను పెట్టేది స్పీకర్ మీద. ఆరు అంగుళాల స్పీకర్ చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఎంతని పలుకుతుంది? పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పెద్ద పెట్టె కొట్టించి, పది లేదా పన్నెండు అంగుళాల గిటారు స్పీకర్ బిగించి, ఆంపు లోపల స్పీకర్‌కి వెళ్ళే రెండు వైర్లను దానికి కలపండి. ప్లగ్ పీకి కాసేపు ఆగాకే మూత తీయాలి. పాత స్పీకర్ వెనక 4 ఓమ్‌లు, 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది, కొత్తది అంతకన్నా తక్కువ ఉండకూడదు, ఉంటే ఆంపు వేడెక్కి పోతుంది. ట్రాన్సిస్టర్ ఆంపుకి ఎక్కువుంటే ఇబ్బంది లేదు, కాస్త మోత తగ్గుతుంది. గిటారు స్పీకరే ఎందుకంటే, అది 5 వేల హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. హోం థియేటర్ స్పీకర్ అన్నీ పలుకుతుంది, డిస్టార్షన్, అంటే గరుకు మోత పెడితే దోమల గుంపు ముసిరినట్టుంటుంది. ఫోన్ యాప్‌లో వాయించేవాళ్ళు కూడా ఇందుకే క్యాబినెట్ అనే బటన్ ఆన్‌లో ఉంచాలి. బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దు, మీటిన తర్వాత వినపడుతుంది, తాళం పోతుంది.

వాయించే ఆనందం దగ్గరికొస్తే నా పద్ధతి ఒకటే. తంబూరా యాప్ ఆన్ చేసి ఆంపులో వైరు పెట్టి, గిటారు వాల్యూమ్ ఆరు దగ్గర ఉంచి, రెండు తీగల మీదే ఏదో ఒక రాగం మెల్లగా. తీగను పక్కకు సాగదీస్తే గమకం వస్తుంది, అందుకే తొమ్మిది నంబరు అన్నది. అయిపోయాక పాత గావంచాతో తీగలు తుడవండి. గోపాల్‌పూర్ సముద్రం దగ్గర ఉండే మా స్నేహితుడి తీగలు నెలకే ఎర్రబడతాయి, వాడు తుడవడు.

ఇవన్నీ అయ్యాక కూడా పికప్‌లు మార్చాలనిపిస్తే మార్చండి, కాదనను. ముందు ఉన్నవాటి ఎత్తు చూడండి, చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగకీ అయస్కాంతానికీ మధ్య 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు. మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి స్వరం వణికిస్తుంది. కొత్తవి పెడితే నాబ్ లోపలి కంట్రోల్ కూడా సరిపోవాలి, ఒకే కాయిల్ ఉన్న సన్నటి పికప్‌కి (సింగిల్ కాయిల్) 250 కిలో ఓమ్‌లది, రెండు కాయిళ్ళ పికప్‌కి (హంబకర్) 500ది. పాతవి పారేయకండి, ఒక కవరులో పేరు రాసి పెట్టుకోండి, గిటారు అమ్మేటప్పుడు తిరిగి పెట్టి కొత్తవి మీరే ఉంచుకోవచ్చు. నావి ఆ కవరులోనే ఉన్నాయి, పక్కన ఆ ప్లాస్టిక్ నట్ కూడా.