కార్క్ బంతితో మొదలుపెట్టి ‘వ్యాలీ ఫోర్జ్’ అంతరిక్ష నౌక మోడల్ చేయడం ఎలా?

చేలకు చుక్కచుక్కగా నీళ్లిచ్చే డ్రిప్ సామాన్ల షాపుకు పోయి ఒక మీటరు లాటరల్ పైపు, ముప్పై డ్రిప్పర్లు, పది జాయినర్లు, కాస్త మైక్రోట్యూబు కావాలన్నాను. షాపతను బిల్లు పుస్తకం తీస్తూ “ఎన్ని ఎకరాలకన్నా?” అన్నాడు. “ఎకరాలకు కాదన్నా, ఒక ఓడకు” అన్నాను. నన్ను ఓసారి పైనుంచి కిందికి చూసి, పుస్తకం మూసేసి, సామాను న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చాడు. అనంతపురంలో మోడల్ షాపు లేదని బాధపడేవాళ్లకు నేను చెప్పేది ఇదే: డ్రిప్ షాపు ఉంది కదా.

ఆ ఓడ పేరు వ్యాలీ ఫోర్జ్. 1972లో వచ్చిన ‘సైలెంట్ రన్నింగ్’ సినిమాలోది. దర్శకుడు డగ్లస్ ట్రంబుల్. అంతకు ముందు ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’కి ఎఫెక్ట్స్ చేసినవాళ్లలో ఆయన ఒకడు. ఈ సినిమాలో భూమ్మీద చెట్టన్నది ఉండదు. మిగిలిన అడవుల్ని గుమ్మటాల్లాంటి పెద్ద పెద్ద డోముల్లో పెట్టి, ఓడలకు తగిలించి, శని గ్రహం దాపుల్లో కాపాడుతుంటారు. ఒక రోజు, ఆ డోముల్ని పేల్చేసి వెనక్కి వచ్చేయమని ఆర్డరు వస్తుంది. ఓడ లోపలి సీన్లు చాలావరకు సర్వీసు నుంచి తీసేసిన ఒక అమెరికన్ విమాన వాహక నౌకలో తీశారు. దాని పేరే సినిమాలోని ఓడకూ పెట్టారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లాలో పుట్టినవాడికి, అడవిని మోసుకుపోయే ఓడ మీద మనసెందుకు పడిందో వేరే చెప్పక్కర్లేదు.

మన షాపుల్లో దీని కిట్ దొరకదు. అన్నీ మనమే చేసుకోవాలి.

1. ముందు డోమ్, తర్వాతే ఓడ

కొత్తవాళ్లు ముందు ఓడ పొడవు నిర్ణయించుకుంటారు. “మూడడుగులు ఉంటే బాగుంటుంది” అనుకుని ఓడ వెన్నెముక కట్టేస్తారు. ఆ తర్వాత దానికి సరిపోయే డోముల కోసం ఊరంతా తిరుగుతారు. నేనూ అలాగే తిరిగాను. ఫలూదా గ్లాసుల మూతలు చూశాను, వాటికి నెత్తిన స్ట్రా కోసం చిల్లు ఉంది. చివరికి కట్టిన వెన్నెముక పక్కన పడేశాను.

తిరగేసి ఆలోచించాలి. ఈ ఓడలో చేయడానికి కష్టమైనది డోమ్. అవి ఆరు కావాలి, ఆరూ ఒకేలా ఉండాలి. కాబట్టి ఏ సైజు డోమ్ మన చేతికి వస్తుందో అదే ఓడ పొడవు చెబుతుంది. ఓడ మొత్తం పక్క నుంచి, దూరం నుంచి కనిపించే స్టిల్ ఒకటి ప్రింట్ తీసుకోండి. దగ్గర నుంచి తీసిన షాట్ వద్దు, ముందున్నది పెద్దదిగా కనిపించి లెక్క తప్పుతుంది. ప్రింట్ మీద ఓడ పొడవును డోమ్ వెడల్పుతో భాగించండి. వచ్చినదాన్ని మీ డోమ్ వెడల్పుతో గుణిస్తే మీ ఓడ పొడవు. ఉదాహరణకు భాగహారం 12 వచ్చి, మీ డోమ్ 7.2 సెంటీమీటర్లు ఉంటే, ఓడ 86 సెంటీమీటర్లు. ఇంట్లో టీవీ పక్కన పట్టదనుకుంటే చిన్న బంతి తెచ్చుకోండి.

అవును, బంతి. ఈ 7.2 సెంటీమీటర్లు నా కార్క్ బంతి వ్యాసం. పిల్లలు గల్లీలో ఆడేదే.

2. డోమ్ అచ్చు తీయడం

కేకు, స్వీటు డబ్బాల పారదర్శకమైన మూతలు పోగేయండి. అడుగున త్రికోణంలో 1 అంకె ఉంటేనే తీసుకోండి, అది పెట్ ప్లాస్టిక్. 3 ఉంటే పీవీసీ. దాన్ని పొయ్యి మీద కాచకూడదు, వచ్చే పొగ మంచిది కాదు. ఒక్కో ముక్క కనీసం 12 సెంటీమీటర్ల చదరం ఉండాలి.

వడ్రంగి దగ్గర ఆ ప్లాస్టిక్ ముక్క కంటే కొంచెం పెద్ద ప్లైవుడ్ ముక్క తీసుకుని, మధ్యలో 7.6 సెంటీమీటర్ల గుండ్రటి చిల్లు కోయించండి. బంతి కంటే నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువ, అంతే. ఇంకా వదులైతే డోమ్ అంచు పావడాలాగా విచ్చుకుంటుంది. బంతి కంటే సన్నటి మూతి ఉన్న స్టీలు గ్లాసులో ఇసుక పోసి దాని మీద బంతిని కూర్చోబెట్టండి. బంతి చుట్టూ ఉండే కుట్టుగీత అడ్డంగా, సరిగ్గా నడుము దగ్గరికి రావాలి. నిలువుగా పెడితే ఆ గీత ఆరు డోముల మీదా అచ్చు పడుతుంది.

ప్లైవుడ్ కింది వైపు ప్లాస్టిక్ ముక్కను చుట్టూ డ్రాయింగ్ పిన్నులతో బిగించండి. గ్యాస్ పొయ్యి సిమ్‌లో పెట్టి, మంటకు జానెడు పైన పలకను పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పుతూ ఉండండి. కిటికీ తెరిచి ఉండాలి. మొదట షీటు ముడతలు పడుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, ఆ తర్వాత నీళ్ల సంచిలా కాస్త కిందికి జారుతుంది. ఆ జారినప్పుడే పట్టుకోవాలి. వెంటనే తెచ్చి బంతి మీద తిన్నగా, ఒక్క ఊపుతో దించేయండి. పది అంకెలు లెక్కపెట్టేదాకా కదపొద్దు. ఆలస్యమైతే షీటు పాలలా తెల్లబడిపోతుంది. తొందరపడితే సగంలో ఆగిపోతుంది. నాకు ఆరు డోములు రావడానికి పదిహేడు షీట్లు పట్టాయి. మా అమ్మ వంటింట్లోకి రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ ఏమీ అడక్కుండా వెళ్లిపోయింది.

కత్తిరించేటప్పుడు కంటి లెక్క వద్దు. డోమ్‌ను బంతి మీదే ఉంచి, పక్కన నాలుగు పుస్తకాలు పేర్చి, వాటి మీద మార్కర్‌ను పడుకోబెట్టి గట్టిగా పట్టుకోండి. బంతిని గ్లాసుతో సహా తిప్పితే చుట్టూ ఒకే ఎత్తులో గీత పడుతుంది. దాని వెంబడి కత్తెరతో కోయండి.

3. డోమ్ మీద త్రికోణాలు

ఇవి జియోడెసిక్ డోములు, అంటే త్రికోణాల అల్లిక. సినిమాలో అల్లిక ఇంకా సన్నం. కానీ ఈ సైజుకు అన్నింటికంటే సులువైన అల్లికే బాగుంటుంది. దీనికి రెండే కొలతలు: వ్యాసార్ధంలో 0.546 వంతు, 0.618 వంతు. నా 3.6 సెంటీమీటర్ల వ్యాసార్ధానికి అవి 19.7, 22.2 మిల్లీమీటర్లు. స్కూలు జామెట్రీ బాక్సులోని డివైడర్ చాలు.

డోమ్ నెత్తిన ఒక చుక్క. అక్కడి నుంచి 19.7 దూరంలో ఒక వలయం. ఆ వలయం మీద 22.2 దూరంతో అడుగులేస్తూ పోతే సరిగ్గా ఐదో అడుగుకు మొదటి చుక్క దగ్గరికి వచ్చేస్తారు. రాకపోతే మీ బంతి కొలత తప్పు, మళ్లీ కొలవండి. ఆ ఐదు చుక్కల్లో ఒక్కోదాని నుంచి, నెత్తి చుక్కకు ఎదురు దిక్కున, అదే వరసలో మరో 19.7 దూరంలో ఒక చుక్క పెట్టండి. ఇప్పుడు మొదటి వలయంలో పక్కపక్కనున్న రెండు చుక్కల నుంచీ 22.2 దూరంలో, వాటి మధ్య కింద, ఇంకో చుక్క. అక్కడికి రెండో వలయంలో పది చుక్కలు వస్తాయి. అంచు దగ్గర మిగిలిన వరస సగం త్రికోణాలతో సరిపెట్టుకోవచ్చు. ఓడకు అతుక్కునే భాగం కాబట్టి ఎవరికీ కనబడదు.

గీతలకు పెన్ను వాడకండి, వణుకు తెలిసిపోతుంది. ఫ్రిజ్, ఏసీ రిపేరు షాపుల్లో వెండిరంగు అల్యూమినియం టేపు దొరుకుతుంది. దాన్ని గాజు పలక మీద అంటించి, స్టీలు స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో ఒక మిల్లీమీటరు దారాలుగా కోయండి. చుక్క నుంచి చుక్కకు, మెలి తిప్పకుండా, లాగకుండా పడుకోబెట్టండి. గుండ్రటి దాని మీద సన్నటి టేపు దానంతటదే తిన్నటి దారి వెతుక్కుంటుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు ఒక అరగంట ఊరికే టేపులు వేసి పీకుతూ కూర్చున్నాను.

4. వెన్నెముక

అల్యూమినియం కిటికీలు, పార్టిషన్లు చేసేవాళ్ల దగ్గర చదరపు గొట్టం ముక్కలు తుక్కు ధరకు వస్తాయి. వంకర ఉండదు, ఎండకు వంగదు, వైర్లు లోపలి నుంచి పోతాయి. నిలబెట్టే స్టాండ్ కోసం చిల్లు ఇప్పుడే వేయాలనిపిస్తుంది, ఆగండి. బరువంతా డోముల వైపు ఉంటుంది. డోములు తాత్కాలికంగా టేపుతో కట్టి, ఓడను వేలి మీద నిలబెట్టి, ఎక్కడ తూగుతుందో చూసి అక్కడ వేయండి.

గొట్టం చుట్టూ కనిపించే ఇనుప అల్లిక కోసం అగరుబత్తి పుల్లలు. మసాలా పూయని ఉత్త పుల్లలు దొరికితే సరే, లేకపోతే పూజ అయ్యాక మిగిలిన కొసలు పోగేయండి. అన్నీ ఇంచుమించు ఒకే మందం ఉంటాయి. కాగితం మీద అల్లిక గీసి, దానిపై ప్లాస్టిక్ షీటు పరిచి, పుల్లల్ని గీతల మీద పేర్చి అతికించండి. నాలుగు పక్కలకు నాలుగు పలకలు విడివిడిగా చేసి, తర్వాత పెట్టెలా కలపాలి. ఓడ మీది పెట్టెల్లాంటి గదులకు ఫ్లెక్స్ షాపుల్లో మిగిలే 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డ్ (గట్టి ఫోమ్ పలక) ముక్కలు బంగారం లాంటివి.

5. చిల్లర సామాను, అసలు పని

స్టూడియోలో వాడిన మోడల్ పొడవు దాదాపు 8 మీటర్లు. దాని ఒంటి మీద కనిపించే పైపులు, పెట్టెలు, ట్యాంకులు చాలావరకు వందల కొద్దీ యుద్ధట్యాంకుల ప్లాస్టిక్ కిట్లు విప్పి అతికించినవే. అన్ని కిట్లు మనకెక్కడివి? కానీ డ్రిప్ సామాను చూడండి. డ్రిప్పర్ ఒక చిన్న ఇంధన ట్యాంకు. జాయినర్ మీద ఉండే పళ్లు ఏదో వేడి వదిలే యంత్రంలా ఉంటాయి. మైక్రోట్యూబు పైపులైను. లాటరల్ చివర మడిచి బిగించే ఎనిమిది అంకె ఆకారపు బిళ్ల అచ్చంగా ఇంకో నౌక వచ్చి తగులుకునే డాకింగ్ పోర్టు. వీటికి తోడు పాడైపోయిన డీవీడీ డ్రైవ్ లోపలి పళ్లచక్రాలు, పాత సర్క్యూట్ బోర్డుల కెపాసిటర్లు, ఖాళీ మాత్రల స్ట్రిప్పులు.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. రెండు రోజులు కూర్చుని నూట నలభై ముక్కలు ఫెవిక్విక్‌తో అతికించి, ప్రైమర్ కొట్టి, సంతోషంగా పడుకున్నాను. పొద్దున ఓడను ఎత్తితే వేపచెట్టు పూత రాలినట్టు రాలిపోయాయి. తప్పు జిగురుది కాదు. డ్రిప్ సామాను పాలిథిన్ జాతి ప్లాస్టిక్. దానికి జిగురూ పట్టదు, రంగూ పట్టదు. ఎండలో, ఎరువు నీళ్లలో ఏళ్ల తరబడి ఉండటానికి చేసిన వస్తువు మరి.

దారి ఏమిటంటే, ముక్క అడుగున సన్నటి చిల్లు వేసి, రాగి తీగ ముక్క గుచ్చి, సన్‌బోర్డ్‌లో ఇంకో చిల్లు వేసి దిగేయాలి. జిగురు కాదు, తీగ పట్టుకుంటుంది. అడుగు భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది ఎపాక్సీ జిగురు పెడితే ఇంకా మేలు. రంగు కోసం, కార్ల బంపర్లకు పెయింట్ కొట్టే షాపుల్లో ప్లాస్టిక్ ప్రైమర్ అని అడగండి. మామూలు గ్రే ప్రైమర్ కంటే ముందు అది ఒక పలచటి కోటు.

ముక్కలు ఎక్కడ పెట్టాలి? ముందు పెద్దవి, వాటి పక్కన మధ్యరకం, చివర చిన్నవి. ప్రతి పైపు ఒక చోట మొదలై ఇంకో చోట ముగియాలి, గాల్లో ఆగకూడదు. ఖాళీ కూడా వదలాలి. మొత్తం నింపేస్తే ఓడలా కాదు, స్క్రాప్ షాపులా కనిపిస్తుంది. నాకైతే మూడో వంతు ఉత్తగా ఉంటేనే కన్ను నిలుస్తుంది.

6. అడవి

ఎర్రమట్టిని టీ వడపోతతో జల్లించి, సన్‌బోర్డ్ బిళ్ల మీద ఫెవికాల్ పూసి చల్లండి. ఎండిన తులసి వెన్నులు కొంచెం దూరం నుంచి చూస్తే కొండ మీది దేవదారు చెట్లే. ఆకుపచ్చ రంగులో ముంచిన స్పాంజి పొడిని వాటికి అద్దండి. తర్వాత రెండు రోజులు మంచి ఎండలో పెట్టాలి. తడి మిగిలితే మూసేసిన డోమ్ లోపల ఆవిరి పడుతుంది, ఆ తర్వాత బూజు. మనూళ్లో ఎండకు కొరతా?

డోమ్‌ను ఫెవిక్విక్‌తో మాత్రం అతికించొద్దు. దాని ఆవిరి పారదర్శకమైన ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా దిగుతుంది, తుడిచినా పోదు. ఫెవికాల్ చాలు.

7. దీపాలు, రంగు

డోముకో వార్మ్ వైట్ ఎల్ఈడీ, ప్రతిదానికీ విడిగా ఒక 220 ఓమ్ రెసిస్టర్. పాత 5 వోల్టుల ఫోన్ చార్జర్ సరిపోతుంది. డోములు మూసేముందు వెలిగించి చూసుకోండి. మూసేశాక చూస్తే నాకు ఒకటి వెలగలేదు. ఆ అడవిలో ఇప్పటికీ చీకటే.

రంగు కొట్టేటప్పుడు డోముల మీద మాస్కింగ్ టేపు వేయండి. ప్రైమర్ ఆరాక తెలుపుకూ బూడిదకూ మధ్య రంగు. స్ప్రే పొద్దున్నే, ఏడులోపు, గాలి లేనప్పుడు మిద్దె మీద. మే నెల మధ్యాహ్నం కొడితే రంగు చుక్క ఓడను చేరకముందే గాల్లో ఆరిపోయి, ఉప్మారవ్వలా గరుగ్గా పడుతుంది. చివర నీళ్లలో కలిపిన నలుపు రంగుకు గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి, సందుల్లోకి పారించి, పైన గుడ్డతో తుడిచేయండి.

దుమ్ము కోసం పెద్ద మెత్తటి బ్రష్ ఒకటి పక్కనే పెట్టుకోండి. డోముల మీద గుడ్డ వేసి తుడిస్తే టేపు అంచులు లేస్తాయి.