ఆన్‌లైన్ మార్కెట్‌లో ఇతరుల బేరంలో తలదూర్చకుండా అనుమానాన్ని ఎలా తెలియజేయాలి?

ఈబే వంటి ఆన్‌లైన్ వేలం వేదికలలో ఒకరి వస్తువుకు బిడ్ వేసినవారికి "అదే వస్తువు నా దగ్గర తక్కువకే దొరుకుతుంది" అని మూడో వ్యక్తి సందేశం పంపడం నిబంధనలకు విరుద్ధం. "ఆ అమ్మకందారును నమ్మకండి" అని హెచ్చరించడం కూడా అదే కోవలోకి వస్తుంది. మంచి ఉద్దేశంతో చెప్పినా ఎందుకు తప్పవుతుందని చాలామంది అడుగుతారు. హెచ్చరించిన వ్యక్తి శ్రేయోభిలాషో, పోటీ వ్యాపారో అవతలివారికి తెలిసే మార్గం లేదు. పైగా నింద పడినవారికి జవాబు చెప్పుకునే అవకాశమే ఉండదు.

అందువల్ల అనుమానం కలగగానే ముందుగా ఆ లావాదేవీలో మీకు పాత్ర ఉందో లేదో తేల్చుకోండి. మీరే కొన్నవారైతే అమ్మకందారుకు నేరుగా రాయవచ్చు, నిజాయితీగా ఫీడ్‌బ్యాక్ ఇవ్వవచ్చు, గడువు దాటకముందే డబ్బు వాపసు కోరవచ్చు. పాత్ర లేకపోతే కొనుగోలుదారుకు గానీ అమ్మకందారుకు గానీ ఒక్క సందేశమూ పంపకండి.

తరువాత ఆధారాలు భద్రపరచండి. వస్తువు నంబరు, అమ్మకందారు యూజర్ పేరు, తేదీ కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్ సాధారణంగా సరిపోతాయి. ఫోటో మరొకరి ప్రకటన నుంచి తీసుకున్నదైతే ఆ అసలు ప్రకటన లింకు కూడా జతచేయండి, ఎందుకంటే పరిశీలించేవారికి అది బలమైన సాక్ష్యం అవుతుంది.

ఇక ఆ వస్తువు పేజీలోనే ఉండే రిపోర్ట్ లింకు ద్వారా ఫిర్యాదు చేయండి. "ఇతను మోసగాడు" అని తీర్పు చెప్పేకన్నా "ఈ ఫోటో ఫలానా ప్రకటనలోనిది, వర్ణనలో మోడల్ నంబరు వేరుగా ఉంది" అని చూసింది చూసినట్టు రాయడమే మేలు. ఆ తరువాత వేదిక ఏ చర్య తీసుకున్నదీ మీకు చెప్పకపోవచ్చు. అలాగని మళ్లీ కొనుగోలుదారును వెతికి పట్టుకుని చెప్పబోకండి. ఇతరులను కాపాడాలన్న తపనతో, కొనే ఉద్దేశం లేకుండా ఎక్కువ మొత్తానికి బిడ్ వేసి వేలాన్ని అడ్డుకునేవారూ ఉన్నారు. అది మరో నిబంధనను ఉల్లంఘించడమే, పైగా గెలిస్తే ఆ వస్తువు కొనాల్సిన బాధ్యత మీ మీదే పడుతుంది.

మీరు పాల్గొన్న వేలం గురించి మీకే ఎవరి నుంచైనా సందేశం వస్తే మరింత జాగ్రత్త అవసరం. వేలంలో ఓడినవారికి అదే వస్తువును కొనమంటూ అమ్మకందారు పంపగల "రెండో అవకాశం" ప్రతిపాదనను అనుకరిస్తూ, వేదిక బయట డబ్బు చెల్లించమని మోసగాళ్లు ఈమెయిళ్లు పంపిస్తారు. నిజమైన ప్రతిపాదన మీ ఖాతాలోని సందేశాలలోనూ కనిపిస్తుంది కాబట్టి, ఈమెయిల్‌లోని లింకు నొక్కకుండా మీరే లాగిన్ అయి చూసుకోండి. అక్కడ లేకపోతే జవాబివ్వకుండా ఆ ఈమెయిల్‌ను వేదికకు ఫార్వర్డ్ చేయండి.