ఇన్‌ఫ్రారెడ్ సానా కొనేముందు ప్లగ్ పాయింటు చూడండి

ఇద్దరు కూర్చునే ఇన్‌ఫ్రారెడ్ సానా (పరారుణ కిరణాల వేడితో చెమట పట్టించే, చెక్క పలకలు బిగించి నిలబెట్టే చిన్న గది) సుమారు 1,800 వాట్లు లాగుతుంది, అంటే 230 వోల్టుల మీద దాదాపు 8 ఆంపియర్లు. ఫ్యాన్లు, ఛార్జర్లు పెట్టే 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు, ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలే వద్దు. మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), మంచి ఎర్తింగ్‌తో 16 ఆంపియర్ల పాయింటు వేయించండి. మొదటిసారి అరగంట నడిపి, స్విచ్ కట్టేసి ప్లగ్ తీసి చూడండి. చెయ్యి పెట్టలేనంత కాలుతున్నా, పిన్నుల చుట్టూ గోధుమరంగు తిరిగినా సాకెట్‌లో పట్టు వదులుగా ఉందన్నమాట. వెంటనే మార్చాల్సిందే.

బాత్రూంలో మాత్రం పెట్టకండి. నీళ్లు పోవడానికి అక్కడ నేల వాలుగా ఉంటుంది. ఆ వాలుకి చెక్క పలకల గొళ్లేలు కలవవు, అద్దం తలుపు సరిగా పడదు. పైగా తేమకి చెక్క ఉబ్బుతుంది. రసమట్టం పెట్టి చూసుకున్న పొడి గది మూల మేలు, గోడకి నాలుగు వేళ్ల ఎడం వదిలి. బిగించాక తలుపు తెరిచి, లోపల ఎవరూ లేకుండా ఒక గంట వేడెక్కించండి, కొత్త వాసన చాలావరకు పోతుంది.