ఒక్కో రకం చేపల వేటకి ఒక్కో రాడ్ కొనాలా?

మొదట్లో అక్కర్లేదండి. 7 అడుగుల మీడియం హెవీ స్పిన్నింగ్ రాడ్, దానికి దారం చుట్టే 3000 సైజు రీల్ తీసుకోండి, చెరువులో పిండి ముద్ద పెట్టి రోహు, కట్ల పట్టినా లూర్ (నకిలీ ఎర) విసిరినా అదే సరిపోద్ది. కొనేటప్పుడు హ్యాండిల్ పైన రాసుండే గ్రాముల లెక్క, అంటే ఎంత బరువు కట్టి విసరొచ్చో చూడండి, 10-30 అని ఉంటే అంతకన్నా బరువు కట్టి గట్టిగా విసిరితే రాడ్ విరిగే ఛాన్స్ ఉంది, షాపుల్లో ఇది పెద్దగా చెప్పరు.

అసలు తేడా కొర్రమీను దగ్గరే. అది నాచు, తామరాకుల మధ్య ఉంటది, కప్ప లూర్ నోట్లో పడగానే కిందకి దూరిపోద్ది, మెత్తగా వంగే రాడ్‌తో లాగలేం, గట్టి రాడ్, 40 పౌండ్ల బ్రెయిడ్ లైన్ (పోగులు అల్లిన దారం) ఉండాల్సిందే. సముద్రం ఒడ్డు నుంచి అలలు దాటించి విసరాలంటే 10-12 అడుగుల సర్ఫ్ రాడ్. బెండు కట్టి జిలేబీ చేపలు (తిలాపియా) పట్టడానికైతే వెదురు కర్ర చాలు, మిగతాదంతా డబ్బు దండగ.