రూట్ చేసిన ఫోన్‌లో బ్యాక్, రీసెంట్స్ బటన్లు తారుమారు చేయడం: కీలేఅవుట్ ఫైల్ పద్ధతి

బ్యాక్ బటన్ కుడివైపు ఉన్న ఫోన్ వాడి, ఎడమవైపు ఉన్న ఫోన్‌కి మారితే వేలు పాత అలవాటు చొప్పున తప్పు చోటే పడుతుంది. ఫోన్ రూట్ అయి (సిస్టమ్ మీద పూర్తి అధికారం మీకు దక్కి) ఉంటే బ్యాక్, రీసెంట్స్ (ఇటీవల వాడిన యాప్‌లు చూపేది) బటన్లని తారుమారు చేయడానికి యాప్ ఏదీ అక్కర్లేదు. ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రెండు పదాలు అటుదిటు, ఇటుదటు మారిస్తే పని అయిపోతుంది. అయితే ఆ ఫైల్ ఏదన్నది ఫోన్ ఫోన్‌కీ మారుతుంది. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. జెనరిక్.కెఎల్ (ప్రత్యేక ఫైల్ లేని పరికరాలకి వాడే ఉమ్మడి ఫైల్) కంటపడగానే దాన్ని దిద్దేస్తారు, రీబూట్ చేస్తారు, ఏమీ మారలేదేమిటని తల పట్టుకుంటారు. కాబట్టి ఎడిటర్ తెరిచే ముందు పావుగంట వెతుకులాటకే కేటాయించండి.

కమాండ్లు, ఫైల్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలోనే ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. మినహాయింపులు ఇవి: కీలేఅవుట్ ఫైల్ లోపల నంబర్ తర్వాత వచ్చే బ్యాక్, హోమ్, యాప్_స్విచ్, వర్చువల్ లాంటి పదాలన్నీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. జెనరిక్.కెఎల్ పేరులో మొదటి అక్షరం పెద్దది.

నొక్కిన బటన్ ఆండ్రాయిడ్‌కి ఎలా చేరుతుంది

బటన్ నొక్కగానే కెర్నెల్ (హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే సిస్టమ్ అడుగు భాగం) ఒక నంబర్ పంపుతుంది. బ్యాక్‌కి 158, మెనూకి 139, హోమ్‌కి సాధారణంగా 172 (కొన్ని ఫోన్లలో 102), రీసెంట్స్‌కి 580. సామ్‌సంగ్ పాత మోడళ్లలో రీసెంట్స్‌కి 254 వస్తుంది. ఆ నంబర్‌కి అర్థం చెప్పేది కెఎల్ ఎక్స్‌టెన్షన్ ఉన్న కీలేఅవుట్ ఫైల్. అందులో ఒక్కో వరుస ఇలా ఉంటుంది:

కీ 158 బ్యాక్ వర్చువల్

ముందు 'కీ' అన్న మాట, తర్వాత కెర్నెల్ నంబర్, ఆపైన ఆండ్రాయిడ్ చేయాల్సిన పని, చివర జెండా (ఫ్లాగ్), ఇక్కడ వర్చువల్. ఈ జెండా ఉంటేనే ఆండ్రాయిడ్ దాన్ని తెర పక్కనున్న టచ్ బటన్‌గా గుర్తిస్తుంది. నొక్కినప్పుడు వచ్చే వైబ్రేషన్ దాని వల్లే. తెర మీద వేలు జరుపుతూ జారి బటన్ మీదికి వెళ్తే ఆ తాకిడిని వదిలేసేదీ ఈ జెండా ఉన్నందుకే. పనికిరానిదనుకుని తీసేస్తే గేమ్ మధ్యలో ఊరికే వెనక్కి వచ్చేస్తుంటుంది. ఉన్నచోట ఉండనివ్వండి.

ఇంకో గందరగోళం కూడా ఇక్కడే తీర్చుకోవాలి. ఆండ్రాయిడ్‌కి లోపల వేరే నంబర్లున్నాయి: హోమ్ 3, బ్యాక్ 4, మెనూ 82, రీసెంట్స్ 187. ఇవి కీలేఅవుట్ ఫైల్‌లో పనికిరావు. అక్కడ కెర్నెల్ నంబర్, దాని పక్కన పని పేరు మాత్రమే రాయాలి. కానీ పరీక్షకి ఇవి చక్కగా ఉపయోగపడతాయి. షెల్‌లో (కమాండ్లు టైప్ చేసే చోట) 'ఇన్‌పుట్ కీఈవెంట్ 187' అని కొడితే రీసెంట్స్ తెర రావాలి. రాకపోతే మీ రామ్‌లో (ROM, అంటే ఫోన్‌లో ఉన్న ఆండ్రాయిడ్ సిస్టమ్; మెమరీ RAM కాదు) ఆ పనే లేదన్నమాట, ఫైల్ ఎంత దిద్దినా రాదు.

మొదలుపెట్టే ముందు

యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, కంప్యూటర్‌కి అనుమతి ఇచ్చి, ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే సాధనం) షెల్ వస్తోందో లేదో చూసుకోండి. ఈ జాగ్రత్త మానొద్దు. దిద్దడంలో పొరపాటు జరిగితే పవర్ బటన్‌తో సహా ఏ బటనూ పలకని స్థితి రావచ్చు. అప్పుడు కేబుల్ పెట్టి 'ఏడీబీ రీబూట్' కొట్టడమే నమ్మదగిన దారి. అలాగే లీనేజ్ ఓఎస్ లాంటి కస్టమ్ రామ్ వాడుతుంటే సెట్టింగ్స్‌లో బటన్ల పేజీ ఉందేమో ఒకసారి చూడండి. మీకు కావలసిన మార్పు అక్కడే దొరికితే ఇదంతా అక్కర్లేదు.

నంబర్, పరికరం పేరు కనుక్కోవడం

ఏడీబీ షెల్‌లోకి వెళ్లి 'సు' కొట్టి రూట్ తీసుకోండి. తర్వాత 'గెట్ఈవెంట్' (రెండు పదాలూ కలిపి ఒకే మాటగా) నడపండి. మొదట ఫోన్‌లోని ఇన్‌పుట్ పరికరాల జాబితా వస్తుంది. ఒక్కో దానికి ఈవెంట్0, ఈవెంట్1 లాంటి మార్గం, కింద కోట్స్‌లో పేరు ఉంటాయి. ఇప్పుడు రీసెంట్స్ బటన్ ఒక్కసారి నొక్కి వదలండి. ఇలాంటి వరుసలు పడతాయి:

0001 0244 00000001
0000 0000 00000000
0001 0244 00000000
0000 0000 00000000

మొదటి అంకె 1 అంటే ఇది బటన్ కబురు. చివర 1 అంటే నొక్కారు, 0 అంటే వదిలారు. మధ్యలో ఉన్న 244 పదహారు ఆధారంగా రాసిన సంఖ్య. మామూలు లెక్కలోకి మార్చాలంటే 2×256 + 4×16 + 4 = 580. అదే రీసెంట్స్ నంబర్. బ్యాక్ నొక్కితే 9 పక్కన 'ఇ' అక్షరం కనిపిస్తుంది. 'ఇ' అంటే 14 కాబట్టి 9×16 + 14 = 158. ప్రతి బటన్‌కీ నంబర్‌తో పాటు వరుస మొదట్లో ఏ ఈవెంట్ మార్గం వచ్చిందో రాసుకోండి. హోమ్ ఒక పరికరం నుంచి, బ్యాక్ ఇంకో పరికరం నుంచి రావడం మామూలే. హోమ్ కింద వేలిముద్ర సెన్సార్ ఉన్న ఫోన్లలో తరచూ అలాగే ఉంటుంది. అప్పుడు దిద్దాల్సిన ఫైళ్లు కూడా రెండవుతాయి.

బటన్ నొక్కితే ఒక్క నంబర్ కాకుండా తెర మీద తాకినట్టు గజిబిజి వరుసలు పడ్డాయా? అయితే మీ ఫోన్‌లో ఆ బటన్లు టచ్‌స్క్రీన్‌లోనే భాగం. గాజు కింది అంచున కొంత మేర బటన్‌గా గుర్తు పెట్టి ఉంచారు. /సిస్/బోర్డ్_ప్రాపర్టీస్ ఫోల్డర్‌లో 'వర్చువల్‌కీస్' అని మొదలై, చుక్క తర్వాత టచ్‌స్క్రీన్ పేరుతో ఒక ఫైల్ ఉంటుంది. 'క్యాట్' చేసి చూస్తే ఒక్కో బటన్‌కి కోలన్లతో విడదీసిన ఆరు విలువలుంటాయి. రెండోది కెర్నెల్ నంబర్. ఆ తర్వాత బటన్ మధ్య బిందువు అడ్డం, నిలువు కొలతలు, వెడల్పు, ఎత్తు. ఇలాంటి ఫోన్లో దిద్దాల్సింది టచ్‌స్క్రీన్ పేరుతో నడిచే కీలేఅవుట్‌ని.

ఫోన్ నిజంగా చదివే ఫైల్ ఏది

ఊహించకండి, అడిగి తెలుసుకోండి. 'డంప్‌సిస్ ఇన్‌పుట్' కొడితే పెద్ద జాబితా వస్తుంది. అందులో మీరు రాసుకున్న పరికరం పేరు వెతకండి. దాని కింద 'కీలేఅవుట్‌ఫైల్' అన్న వరుసలో పూర్తి మార్గం రాసి ఉంటుంది. దిద్దాల్సింది దాన్నే, వేరేదాన్ని కాదు.

ఆండ్రాయిడ్ వెతికే క్రమం తెలిస్తే ఈ వరుస ఎందుకలా ఉందో అర్థమవుతుంది. ముందు వెండర్, ప్రోడక్ట్ నంబర్లతో పేరున్న ఫైల్ కోసం చూస్తుంది. లేకపోతే పరికరం పేరుతో ఉన్న ఫైల్, ఉదాహరణకి జిపిఐఓ-కీస్.కెఎల్, సామ్‌సంగ్‌లో సెక్_టచ్‌కీ.కెఎల్. అదీ లేకపోతేనే జెనరిక్.కెఎల్. ప్రతి పేరునీ ఓడీఎం, వెండర్, సిస్టమ్ పార్టిషన్లలోని (ఫోన్ స్టోరేజ్ విభాగాలు) యుఎస్ఆర్/కీలేఅవుట్ ఫోల్డర్లలో వెతికి, ఆఖరున /డేటా/సిస్టమ్/డివైసెస్/కీలేఅవుట్‌లో చూస్తుంది.

ఈ ఆఖరి మాట చాలా విలువైనది. మీ బటన్ల పరికరం ఇప్పుడు జెనరిక్.కెఎల్ వాడుతుంటే సిస్టమ్ పార్టిషన్‌ని తాకకుండానే పని ముగించవచ్చు. ఆ పరికరం పేరుతో ఒక ఫైల్ తయారుచేసి డేటాలోని ఆ ఫోల్డర్‌లో పెడితే, పేరున్న ఫైల్ జెనరిక్ కంటే ముందు దొరుకుతుంది కాబట్టి అదే చెల్లుతుంది. అదే సిస్టమ్‌లోనో వెండర్‌లోనో ఆ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉంటే డేటా దాకా రానే రాదు. అప్పుడు మ్యాజిస్క్ (ఫోన్‌ని రూట్ చేసే సాధనం) మాడ్యూల్ కావాలి.

దిద్దడం

అసలు ఫైల్‌ని /ఎస్‌డీకార్డ్‌కి కాపీ చేసి, కంప్యూటర్‌లోకి తెచ్చుకుని, ఒక కాపీ ముట్టుకోకుండా పక్కన పెట్టండి. రెండో కాపీలో ఈ రెండు వరుసలుంటాయనుకుందాం:

కీ 158 బ్యాక్ వర్చువల్
కీ 254 యాప్_స్విచ్ వర్చువల్

నంబర్లు కదపకుండా పని పేర్లు మాత్రం మార్చండి:

కీ 158 యాప్_స్విచ్ వర్చువల్
కీ 254 బ్యాక్ వర్చువల్

లాంగ్ ప్రెస్ పనులు కూడా పేరుతో పాటే అటు వెళ్లిపోతాయి, విడిగా చేయాల్సింది లేదు. మెనూ బటన్ ఉన్న పాత ఫోన్లో 139 పక్కన మెనూ తీసి యాప్_స్విచ్ రాస్తే రీసెంట్స్ వస్తుంది. వాడని బటన్‌కి స్లీప్ ఇస్తే తెర ఆరిపోతుంది, పవర్ బటన్ అరిగిన ఫోన్లకి మంచి ఆసరా. కానీ స్లీప్ తెరని ఆర్పుతుందే తప్ప వెలిగించదు, ఆ పనికి వేరే బటన్ ఉండాల్సిందే. ఒక బటన్ పూర్తిగా చచ్చిపోవాలంటే ఆ వరుస ముందు # గుర్తు పెట్టండి.

ఒకే నంబర్‌తో రెండు వరుసలు ఉండకూడదు. పాత వరుస అలాగే ఉంచి కింద కొత్తది చేర్చడం అందరూ చేసే తప్పు. ఆండ్రాయిడ్ రెండో వరుసని చూడగానే ఫైల్ మొత్తాన్నీ తిరస్కరిస్తుంది. పని పేరులో ఒక్క అక్షరం తప్పినా అంతే. పాత ఫోన్ల నుంచి తెచ్చిన ఫైళ్లలో 'వేక్_డ్రాప్డ్' అనే జెండా ఉంటుంది. కొత్త ఆండ్రాయిడ్‌కి అది తెలియదు, దానికీ ఫైల్ చెల్లదు.

ఫైల్‌ని చోట పెట్టడం

డేటా దారి అయితే ఫోల్డర్ మామూలుగా ఉండదు, 'ఎంకేడిర్ హైఫన్ పి'తో తయారుచేయాలి. ఫైల్ పేరు పరికరం పేరే. అందులో ఖాళీలు, చుక్కలు ఉంటే వాటి స్థానంలో అండర్‌స్కోర్ పెట్టాలి. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప మిగతావన్నీ అండర్‌స్కోర్ అవుతాయి. జెనరిక్‌ని పూర్తిగా కాపీ చేసి అందులో మార్పు చేయండి. రెండు వరుసలే పెడితే ఆ పరికరంలోని మిగతా బటన్లు మూగబోతాయి. ఫోల్డర్లకి 755, ఫైల్‌కి 644 అనుమతులు ఇచ్చి, 'రీస్టోర్‌కాన్ హైఫన్ పెద్ద ఆర్' ఆ ఫోల్డర్ మీద నడపండి.

సిస్టమ్, వెండర్‌లలోని ఫైల్‌ని నేరుగా దిద్దే రోజులు పోయాయి. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన డైనమిక్ పార్టిషన్లు చాలా ఫోన్లలో రాయడానికి మౌంట్ కావు. బలవంతంగా రాసినా వెరిఫైడ్ బూట్ ఒప్పుకోకపోవచ్చు. మ్యాజిస్క్ మాడ్యూల్ అయితే అసలు ఫైల్ అలాగే ఉండి, మీది దానిపై కప్పుకుంటుంది. /డేటా/ఎడిబి/మాడ్యూల్స్‌లో ఒక ఫోల్డర్ చేయండి. అందులో మాడ్యూల్.ప్రాప్ ఫైల్‌లో ఐడీ, నేమ్, వెర్షన్, వెర్షన్‌కోడ్, ఆథర్, డిస్క్రిప్షన్ అని ఆరు వరుసలు. ఐడీ, ఫోల్డర్ పేరు ఒకటే ఉండాలి. వెర్షన్‌కోడ్ పేరులో 'కోడ్' మొదటి అక్షరం పెద్దది, దాని విలువ అంకె మాత్రమే. వరుస ముగింపులు యునిక్స్ పద్ధతిలో సేవ్ చేయాలి, విండోస్ నోట్‌ప్యాడ్ దీన్నే చెడగొడుతుంది. కీలేఅవుట్‌ని అదే ఫోల్డర్ లోపల సిస్టమ్/యుఎస్ఆర్/కీలేఅవుట్‌లో పెట్టండి. అసలుది వెండర్‌లో ఉంటే సిస్టమ్/వెండర్/యుఎస్ఆర్/కీలేఅవుట్‌లో పెట్టాలి. ఈ ఒక్క తేడా మరిచిపోయి ఎన్నో మాడ్యూళ్లు పనిచేయకుండా పోతాయి.

ఏ దారిలో వెళ్లినా రీబూట్ తప్పదు. ఆండ్రాయిడ్ ఈ ఫైల్‌ని పరికరం గుర్తించినప్పుడు ఒక్కసారే చదువుతుంది.

మారకపోతే, చెడిపోతే

మళ్లీ 'డంప్‌సిస్ ఇన్‌పుట్' చూడండి. కీలేఅవుట్‌ఫైల్ వరుసలో మీ ఫైల్ ఉండి కూడా బటన్ మారకపోతే వేరే పరికరం ఫైల్ దిద్దారన్నమాట. వరుస జెనరిక్‌కి మారిపోయి ఉంటే మీ ఫైల్‌లో తప్పుంది, ఆండ్రాయిడ్ దాన్ని వదిలేసి జెనరిక్‌తో సరిపెట్టుకుంది. 'లాగ్‌క్యాట్ హైఫన్ డి' ఫలితంలో కీలేఅవుట్ అని వెతికితే తప్పు ఏ వరుసలో ఉందో చెబుతుంది. ఫైల్‌లో తప్పేమీ లేకుండా చదవడం మానేస్తే 'ఎల్ఎస్ హైఫన్ పెద్ద జెడ్'తో అసలు ఫైల్ లేబుల్ (ఎస్ఈలినక్స్ భద్రతా గుర్తు), మీ ఫైల్ లేబుల్ పోల్చండి. తేడా ఉంటే 'సీహెచ్‌కాన్'తో సరిచేయండి.

తప్పు జెనరిక్‌లోనే చేస్తే సరిపెట్టుకోవడానికి వేరే ఫైల్ ఉండదు. బటన్లు చచ్చేది అప్పుడే. ఏడీబీ నుంచి రూట్ షెల్ తీసుకుని మాడ్యూల్ ఫోల్డర్‌లో 'డిజేబుల్' పేరుతో ఖాళీ ఫైల్ సృష్టించి రీబూట్ చేస్తే ఆ మాడ్యూల్ ఆగిపోతుంది. ఫోన్ తెరే రాకపోతే సేఫ్ మోడ్‌లో బూట్ చేయండి, మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నీ ఆపేస్తుంది.

తెర మీది బటన్లయితే

అవి సిస్టమ్ యూఐ గీసే బొమ్మలు, కీలేఅవుట్‌తో సంబంధం లేదు. ఆండ్రాయిడ్ 7 నుంచి 9 దాకా, తయారీదారు మార్చని రామ్‌లలో, సెక్యూర్ సెట్టింగ్స్‌లోని 'సిస్‌యుఐ_నావ్_బార్' విలువతో వరుస మార్చవచ్చు, దానికి రూట్ కూడా అక్కర్లేదు. టచ్ బటన్లు పాడైన ఫోన్‌లో తెర మీద బటన్లు తెప్పించాలంటే మాడ్యూల్ ఫోల్డర్‌లో సిస్టమ్.ప్రాప్ ఫైల్ పెట్టి, అందులో 'క్యూఈఎంయూ.హెచ్‌డబ్ల్యు.మెయిన్‌కీస్=0' అని రాయండి. రీబూట్ తర్వాత బార్ కనిపిస్తుంది. అప్పుడు కింది పాడైన బటన్ల వరుసలకి # పెట్టేస్తే అవి వాటంతట అవే నొక్కుకునే బెడద కూడా వదులుతుంది.

ఒక నొక్కుకి ఒక పని, రెండు నొక్కులకి ఇంకో పని కావాలంటే కీలేఅవుట్ ఫైల్ చేయలేదు. దానికి తెలిసింది నంబర్, పేరు మాత్రమే. అలాంటి అవసరానికి కీ మ్యాపర్, బటన్ మ్యాపర్ లాంటి యాప్‌లున్నాయి. అవి యాక్సెసిబిలిటీ సర్వీస్ మీద నడుస్తాయి కాబట్టి ఆ యాప్‌ని బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయించండి, లేకపోతే కాసేపటికి బటన్ పాత పనికి తిరిగొచ్చేస్తుంది.