ఆగస్టు నెలకు సైన్సు ప్రశ్నలు అల్లుకునే పద్ధతి

తెనాలిలో మా ఇంటి వరండాలో ప్రతి నెల మొదటి ఆదివారం సాయంత్రం పిల్లలకు క్విజ్ పెడతాను. భౌతికశాస్త్రం మాస్టారుగా రిటైరైన దగ్గర నుంచి ఇదే నా వ్యాపకం. ప్రశ్నలన్నీ ఆ నెలకు సంబంధించినవే ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. పన్నెండు నెలల్లో నాకు అత్యంత ఇష్టమైనది ఆగస్టు. మీ వీధిలోనో, అపార్ట్‌మెంటులోనో ఇలాంటిది పెట్టాలనుకుంటే ఈ నెలతోనే మొదలుపెట్టండి.

మొదటి పని, తేదీ అడిగే ప్రశ్నలను పక్కన పెట్టడం. చంద్రయాన్-3 ఏ రోజు దిగిందని అడిగితే తెలిసిన పిల్లవాడు చెబుతాడు, తెలియనివాడు తల దించుకుంటాడు. అదే విషయాన్ని తిప్పి అడగండి: 2023లో ఆగస్టు 23నే ఎందుకు దిగింది? ల్యాండరు సౌరశక్తితో పనిచేస్తుందన్నది మొదటి ఆధారం. చంద్రుడి మీద పగలు మన లెక్కలో సుమారు పద్నాలుగు రోజులన్నది రెండోది. ఏడో తరగతి అమ్మాయి ఒకతె కాసేపు ఆలోచించి, "అయితే అక్కడ అప్పుడే తెల్లవారి ఉంటుంది కదా మాస్టారూ" అంది. జవాబు అదే. ఆ పాప దాన్ని ఎక్కడా చదవలేదు, తానే కనిపెట్టింది. నాకు కావలసిన ప్రశ్న అలాంటిది.

తరువాత, మీ ఊరికి దగ్గరలో ఏం జరిగిందో వెతకండి. మాకు గుంటూరు ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో విడదీసి చూశారు. ఆ గ్రహణ సమయంలో పరిశీలకులకు ఒక ప్రకాశవంతమైన పసుపు గీత కనిపించింది. ఇక్కడ ఆగి పిల్లలను అడగండి: ఉప్పు నీళ్లు పొంగి గ్యాస్ మంట మీద పడితే మంట ఏ రంగుకు మారుతుంది? వంటింట్లో చూసినవాళ్లు పసుపు అంటారు. అది ఉప్పులోని సోడియం. సూర్యుడి పసుపు గీత కూడా సోడియందే అనిపించింది, కానీ సరిగ్గా ఆ చోట లేదు. అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, అది కొత్త మూలకానిదని అన్నారు. గ్రీకులో సూర్యుడికున్న పేరుతో దాన్ని హీలియం అన్నారు. భూమి మీద అది 1895లో గాని రామ్సే చేతికి చిక్కలేదు. అందుకే "హీలియంను గుంటూరులో కనిపెట్టింది ఎవరు" అని ఒక్క ముక్కలో అడగకండి. కథ అంత పొట్టిది కాదు. పాత సీడీ ఒకటి తెచ్చి ట్యూబులైటు కింద, మామూలు బల్బు కింద తిప్పి చూపండి. రంగులు రెండు చోట్లా ఒకేలా పరుచుకోవు. సూర్యుడి వైపు మాత్రం తిప్పనివ్వకండి.

హైదరాబాదు పిల్లలైతే మలేరియాతో మొదలుపెట్టవచ్చు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. ఆ పనికే 1902లో నోబెల్ వచ్చింది. ప్రశ్న ఇలా ఉండాలి: మలేరియా అంటే ఇటలీ భాషలో చెడ్డ గాలి. దోమ తెచ్చే జబ్బుకు గాలి పేరెందుకు? నిలవ నీటి దగ్గర కంపు, దోమలు రెండూ ఉంటాయని ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు.

మూడోది, అడిగే ముందు సరిచూసుకోవడం. అగస్టస్ చక్రవర్తి తన నెలకు 31 రోజులు కావాలని ఫిబ్రవరి నుంచి ఒక రోజు లాక్కున్నాడన్న కథ చాలా చోట్ల వినిపిస్తుంది. నిజం కాదు. జూలియస్ సీజర్ సవరించిన క్యాలెండర్‌లోనే ఆ నెలకు 31 ఉన్నాయి. అప్పటి పేరు సెక్స్‌టిలిస్, అంటే ఆరోది. ఎనిమిదో నెలకు ఆరోదన్న పేరెందుకు? ఆధారంగా సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు అని పలికి, వెంటనే సప్త, అష్ట, నవ, దశ అని పలకండి. ఒకప్పుడు ఏడాది మార్చిలో మొదలయ్యేదని పిల్లలే చెబుతారు.

ఎనిమిది ప్రశ్నలు చాలు. ఆధారం లేకుండా చెబితే మూడు మార్కులు, ఒక ఆధారంతో రెండు, రెండింటితో ఒకటి. ప్రతి జట్టులో చిన్నవాళ్లు, పెద్దవాళ్లు కలిసి ఉండాలి.

చివరి ప్రశ్న ఇంటికి ఇవ్వండి. శ్రావణ మాసానికి ఆ పేరెందుకు? పౌర్ణమి నాటికి చంద్రుడు శ్రవణా నక్షత్రం దగ్గర ఉంటాడు కాబట్టి. మూడు చుక్కల వరసలో నడుమ మెరిసేది మనకు సుమారు 17 కాంతి సంవత్సరాల దూరం. ఇంట్లో పదిహేడేళ్ల అక్క ఉంటే, ఆమె పుట్టినప్పుడు బయలుదేరిన వెలుగే ఇప్పుడు కంటికి అందుతోంది. ఆగస్టు 12 అర్ధరాత్రి దాటాక ఈశాన్యం వైపు పెర్సీడ్ ఉల్కలను కూడా లెక్కపెట్టమనండి. మన దగ్గర ఆ రోజుల్లో మబ్బులు ఎక్కువ. ఏమీ కనిపించకపోతే ఆ ప్రశ్నను డిసెంబరు 13, 14 తేదీల జెమినిడ్ ఉల్కల దాకా దాచి ఉంచండి.